స్టేట్‌దా, సెంట్రల్‌దా?



కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద గోదావరిఖని వైపు వెళ్లేవాళ్లకు రామగుండం దగ్గరపడిందని కిలోమీటరు రాయి చెప్పనక్కర్లేదు. ఎన్టీపీసీ పొగగొట్టాలు దూరం నుంచే చెబుతాయి. 1978లో శంకుస్థాపన జరిగి, 1983లో మొదటి యూనిట్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన కేంద్రం అది. దాని సామర్థ్యం 2,600 మెగావాట్లు. ఆ పక్కనే 800 మెగావాట్ల యూనిట్లు రెండింటితో తెలంగాణ ప్రాజెక్టు కూడా లేచింది. ఇంకాస్త ముందుకు పోతే సింగరేణి బొగ్గు గనులు. 1999లో మూతపడిన పాత ఎరువుల ఫ్యాక్టరీ స్థలంలో కొత్తగా కట్టిన ఆర్‌ఎఫ్‌సీఎల్ 2021లో యూరియా తీయడం మొదలుపెట్టింది. ఒక్క ఊరి చుట్టూ ఇన్ని పెద్ద కంపెనీలు.

అక్కడ పుట్టిన పిల్లలకు ఈ కంపెనీల సైరన్లు, షిఫ్టు బస్సులు, టౌన్‌షిప్ గేట్లు కొత్త కాదు. బీటెక్ పట్టా చేతికొచ్చాక ఆ గేటు లోపలికి ఇంజనీరుగా వెళ్లాలంటే మాత్రం దారి గేటు ముందు నుంచి లేదు. అది బెంగళూరు మీదుగా, ఢిల్లీ మీదుగా, మధ్యలో మండలాఫీసు, మీసేవ కేంద్రం మీదుగా తిరిగి రావాలి. ఈ చుట్టుదారిలో చదువు చాలక ఆగిపోయేవాళ్లు ఎలాగూ ఉంటారు. చదువు సరిపోయి కాగితం దగ్గర ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. ఈ ప్రసంగం వాళ్ల గురించే.

ఒకమ్మాయిని ఊహించుకుందాం. అంతర్గాం మండలంలో ఊరు. తండ్రికి నాలుగెకరాలు, పత్తి, వరి. తల్లి బీడీలు చుడుతుంది. అమ్మాయి హైదరాబాద్ జేఎన్టీయూ పరిధిలోని కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసింది. ఎన్టీపీసీలో ఇంజనీరింగ్ ఎగ్జిక్యూటివ్ ట్రైనీ కావాలని కోరిక. కంపెనీ మనుషులు పొట్టిగా 'ఈటీ' అంటారు. 1977లో మొదటి జట్టును తీసుకున్నప్పటి నుంచి ఎన్టీపీసీ తన ఇంజనీర్లను ప్రధానంగా ఈ పద్ధతిలోనే తయారు చేసుకుంటోంది: పట్టభద్రుల్ని తాజాగా తీసుకోవడం, ఏడాది పాటు తరగతి గదిలోనూ ప్లాంటులోనూ శిక్షణ ఇవ్వడం, తర్వాత దేశంలో ఎక్కడ అవసరమైతే అక్కడ వేయడం.

మొదటి మెట్టు గేట్ పరీక్ష. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, ఏడు పాత ఐఐటీలు వంతులవారీగా దీన్ని నడుపుతాయి. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. మెకానికల్ పేపర్లో 15 మార్కులు సాధారణ ప్రజ్ఞకు, 13 లెక్కలకు, మిగతా 72 సబ్జెక్టుకు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్న తప్పితే ఒక మార్కు ప్రశ్నకు మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతులు కోత. సంఖ్యను మనమే రాయాల్సిన ప్రశ్నలకు, ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలకు కోత లేదు. కోచింగ్ సెంటర్లు ఇదంతా బాగానే చెబుతాయి. చెప్పినా చాలామంది చెవికెక్కనిది ఒకటుంది. పరీక్ష హాల్లోకి సొంత క్యాలిక్యులేటర్ రానివ్వరు. కంప్యూటర్ తెర మీద కనిపించే క్యాలిక్యులేటర్‌నే మౌసుతో ఒక్కో అంకె నొక్కుతూ వాడాలి. ఏడాదంతా చేతిలో క్యాలిక్యులేటర్‌తో సాధన చేసినవాడికి అక్కడ వేళ్లు కట్టేసినట్టుంటుంది.

గేట్ స్కోరు మామూలు మార్కు కాదు. వెయ్యికి లెక్క. అర్హత మార్కు తెచ్చుకున్నవాళ్లకు 350 స్కోరు, ఆ పేపర్లో అగ్రభాగాన ఉన్న కొద్దిమంది సగటుకు 900 స్కోరు వచ్చేలా సూత్రం ఉంటుంది. కాబట్టి 'గేట్ క్వాలిఫై అయ్యాడు' అన్న మాట ఊళ్లో ఫ్లెక్సీ కట్టడానికి పనికొస్తుందేమోగానీ, ప్రభుత్వరంగ సంస్థ పిలుపు రావడానికి చాలదు.

సరే, మన అమ్మాయికి మంచి స్కోరు వచ్చిందనుకుందాం. ఆమె అసలు చిక్కులు ఇక్కడే మొదలవుతాయి.

2025 జనవరి చివర్లో ఎన్టీపీసీ 475 ఈటీ పోస్టులకు దరఖాస్తులు పిలిచింది. మెకానికల్‌కు 180, ఎలక్ట్రికల్‌కు 135, ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్‌కు కలిపి 85, సివిల్‌కు 50, మైనింగ్‌కు 25. సీట్ల కోసం మన రెండు రాష్ట్రాలూ ఎగబడే కంప్యూటర్ సైన్స్ ఆ జాబితాలోనే లేదు. ఇంకో సంగతి. 2025 గేట్ పరీక్ష జరిగింది ఫిబ్రవరిలో, అంటే దరఖాస్తులు పిలిచిన కొద్ది రోజులకే. కంపెనీ అడిగింది మాత్రం 2024 గేట్ స్కోరు. ఆ ఫలితాలు 2024 మార్చిలో వచ్చాయి. ఐఐటీల్లో ఎంటెక్ సీటుకు గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కదా, 2023 స్కోరు చేతిలో ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లకు దారి మూసుకుపోయింది. మూడేళ్ల చెల్లుబాటు ప్రవేశాలకు. ఉద్యోగానికి ఏ ఏడాది స్కోరు కావాలో కంపెనీ తన ప్రకటనలో చెబుతుంది. ఆ ఒక్క ఏడాదే లెక్క.

పేపరు సంగతీ అంతే. 2021 నుంచి ఒకే అభ్యర్థి గేట్‌లో రెండు పేపర్లు రాసే వీలుంది. మెకానికల్ పట్టా ఉండి, సులువనుకున్న మరో పేపరు మాత్రమే రాసి గొప్ప ర్యాంకు తెచ్చుకున్నా, మెకానికల్ పోస్టుకు మెకానికల్ పేపరు స్కోరునే చూస్తారు.

ఇక శాతం. అదే ప్రకటన ఇంజనీరింగ్‌లో కనీసం 65 శాతం మార్కులు అడిగింది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 55. మన అమ్మాయి మార్కుల జాబితాలో శాతం లేదు, సీజీపీఏ 7.0 అని ఉంది. పదితో గుణిస్తే 70, బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ ఆమె చదివిన రోజుల జేఎన్టీయూ హైదరాబాద్ లెక్క ప్రకారం ముందు అర పాయింటు తీసేసి అప్పుడు పదితో గుణించాలి. ఆరున్నర పదులు అరవై ఐదు. సరిగ్గా గీత మీద నిలబడింది. అదే అఖిల భారత సాంకేతిక విద్యా మండలి పట్టిక ప్రకారమైతే ముప్పావు పాయింటు పోయి 62.5 అయ్యేది, గీత కిందికి జారేది. ఒకే సీజీపీఏకి మూడు శాతాలు! ఏది సరైంది? ఇలాంటి ప్రకటనల్లో యూనివర్సిటీ నిబంధన ఏది చెబితే అదే అని రాసి ఉంటుంది. ఆమె పక్క బెంచీలో కూర్చున్న కుర్రాడిది 6.8 అనుకుందాం. అతను నెట్ సెంటర్లో కూర్చుని 68 అని కొట్టేశాడు. వెబ్‌సైటు కిమ్మనదు, తీసుకుంటుంది. నెలల తర్వాత సర్టిఫికెట్ల పరిశీలనలో బల్లకు అవతలి అధికారి లెక్క కట్టి 63 అని చెప్పే దాకా, తాను మొదట్నుంచీ అర్హుడే కాదన్న సంగతి అతనికి తెలియదు.

అన్నిటికంటే పెద్ద ముడి కులధ్రువీకరణ పత్రం.

అమ్మాయి బీసీ-బి. పదో తరగతిలో తీసుకున్న పత్రం బీరువాలో ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది. దాని మీద కులం, స్థానికత, పుట్టినతేదీ మూడూ ఉంటాయి కాబట్టి ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ అంటారు. ఎంసెట్‌కు అదే పనిచేసింది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ అదే పనిచేసింది. దాన్నే స్కాన్ చేసి ఎన్టీపీసీకి పెడదామని మీసేవకు వెళ్తే, ఆ కుర్చీలో ఉన్నాయన తలెత్తకుండానే అడుగుతాడు:

"ఏ బీసీ సర్టిఫికెట్ గావాలె చెల్లె? స్టేట్‌దా, సెంట్రల్‌దా?"

ఈ ప్రశ్న వేసేవాడు దొరికినవాళ్లు అదృష్టవంతులు. బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అన్నవి రాష్ట్రం చేసుకున్న విభజనలు. కేంద్ర సంస్థలకు ఆ అక్షరాలతో పనిలేదు. అక్కడ ఉన్నది ఓబీసీ ఒక్కటే, 27 శాతం కోటా. దాని జాబితా వేరు. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. ఉన్నా, ఉప కులం పేరు ఒకచోట ఒకలా మరోచోట ఇంకోలా ఉండొచ్చు. దరఖాస్తుకు ముందే ఆ జాబితా తెరిచి సొంత కులం పేరు కళ్లతో చూసుకోవాలి. పేరు ఉంటే, కేంద్ర ప్రభుత్వ నమూనాలో, క్రీమీలేయర్ కాదని చెప్పే పత్రం తహశీల్దారు కార్యాలయం నుంచి కొత్తగా తెచ్చుకోవాలి. ఫలానా తేదీ తర్వాత జారీ అయి ఉండాలని కూడా ప్రకటనలు అడుగుతాయి.

క్రీమీలేయర్ అనగానే ఊళ్లో అందరి నోటా వచ్చే అంకె ఎనిమిది లక్షలు. 2017 నుంచి పరిమితి అదే. కానీ ఆ ఎనిమిది లక్షల్లో ఏం కలపాలో, ఏం కలపకూడదో 1993 సెప్టెంబరు నాటి కేంద్ర ఉత్తర్వు చెబుతుంది. తల్లిదండ్రుల జీతం, సాగు భూమి మీద వచ్చే ఆదాయం అందులో కలపకూడదు. సర్కారీ కొలువుల్లో ఉన్నవాళ్లకు హోదాను బట్టి, రైతులకు భూమి విస్తీర్ణాన్ని బట్టి వేరే కొలతలున్నాయి. అంటే ఆ ఏడు పత్తికి ధర పలికి తండ్రి చేతిలో నాలుగు డబ్బులు ఆడినంత మాత్రాన అమ్మాయి క్రీమీలేయర్ అయిపోదు. ఆమె పక్కింటి అబ్బాయి ఓసీ. అతనికి కావాల్సింది ఈడబ్ల్యూఎస్ పత్రం. అక్కడా ఎనిమిది లక్షలే, కానీ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. జీతం, సాగు, వ్యాపారం అన్నీ కలిపి చూస్తారు. పైగా ఐదెకరాలు, అంతకు మించి సాగు భూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా పత్రం రాదు. ఆ ఐదెకరాలూ రాళ్ల నేలైనా అంతే. ఈ పత్రం ఆయుష్షు ఒక్క ఆర్థిక సంవత్సరం. మార్చి 31 దాటితే మళ్లీ మొదటికి.

ఒకే అంకె, రెండు లెక్కలు అని ఊళ్లో పెద్దమనిషి ఎవరైనా విసుక్కుంటే తప్పుపట్టలేం.

తమాషా ఏమిటంటే, అదే అమ్మాయి సింగరేణిలో మేనేజ్‌మెంట్ ట్రైనీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే బీరువాలోని ఆ పాత పత్రానికి మళ్లీ విలువ వస్తుంది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. రిజర్వేషన్లు, స్థానికత తెలంగాణ నిబంధనల ప్రకారం నడుస్తాయి, పరీక్ష కూడా సొంతంగా పెట్టుకుంటుంది. జ్యోతినగర్‌లోని ఎన్టీపీసీ గేటుకూ గోదావరిఖని బొగ్గు బావికీ మధ్య ఆటోలో వెళ్లేంత దూరం. ఆ కాస్త దూరంలో ఒక కాగితం బతికి ఇంకో కాగితం చచ్చిపోతుంది.

ఇంత తేడా ఉన్న సంగతిని కంపెనీలు దాచవు. ప్రకటనలో అన్నీ రాస్తాయి. కానీ ఆ ప్రకటన ఇంగ్లీషులో, హిందీలో, సన్న అక్షరాల్లో పేజీలకు పేజీలు ఉంటుంది. తండ్రి బ్యాంకులోనో కలెక్టరేట్‌లోనో పనిచేసే ఇంట్లో దాన్ని చదివి చెప్పే మనిషి భోజనాల బల్ల దగ్గరే దొరుకుతాడు. బీడీల చాట ఉన్న ఇంట్లో దొరకడు. మార్కుల్లో సమానంగా నిలిచిన ఇద్దరి మధ్య తేడా ఇక్కడ పడుతోంది. వేల కోట్ల ప్లాంటును ఒక ప్రాంతంలో నడుపుతున్న సంస్థ, ఆ ప్రాంతం భాషలో నాలుగు పేజీల వివరణ ఇవ్వడం మోయలేని బరువేమీ కాదు.

పేరుతో వచ్చే తంటా మన తెలుగువాళ్లకు మరీ ఎక్కువ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్లో ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయి ఉంటుంది. బ్యాంకు పుస్తకంలో ఆ అక్షరం చివరికి వెళ్తుంది. గేట్ దరఖాస్తులో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గడులు చూసి తికమకపడి ఎవరికి తోచింది వాళ్లు నింపుతారు. ఇంటిపేరు ముందు రాసే ఆచారం తెలియని అధికారి ముందు ఈ నాలుగు కాగితాలూ పెడితే, నలుగురు వేర్వేరు మనుషులవి అనుకున్నా ఆశ్చర్యం లేదు. పదో తరగతి మెమోలో అక్షరాలు ఎలా ఉన్నాయో, ఖాళీలతో సహా, గేట్ దరఖాస్తు నాటి నుంచే అన్నిచోట్లా అలాగే రాసుకుంటూ వచ్చినవాళ్లు నిశ్చింతగా ఉంటారు. తేడా ఉన్నవాళ్లు పరిశీలన తేదీ వచ్చేలోపు ఆధార్ సరిచేయించుకోవడమో, అఫిడవిట్ తీసుకోవడమో చేస్తారు.

వెనకటికి ఇవన్నీ తపాలాలో జరిగేవి. ఎంప్లాయ్‌మెంట్ న్యూస్‌లో నమూనా కత్తిరించుకుని, డిమాండ్ డ్రాఫ్టు తీసి, గెజిటెడ్ అధికారి సంతకం కోసం జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ గుమ్మం ముందు నిలబడేవాళ్లు. ఇప్పుడా అవస్థ పోయింది. ఎన్టీపీసీ దరఖాస్తు రుసుము 300 రూపాయలు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు అదీ లేదు. అవస్థ పోయినచోట తొందర వచ్చి కూర్చుంది. చివరి రోజు రాత్రి సర్వర్ మొరాయించడం, ఫోటో ఎక్కువ కేబీలుందని తిప్పికొట్టడం, సంతకం నీలం సిరాతో చేసి నలుపు కాదంటే మళ్లీ చేయడం నెట్ సెంటర్లలో మామూలు దృశ్యాలు. ఒకసారి సబ్మిట్ నొక్కాక దిద్దుకునే వీలు చాలా దరఖాస్తుల్లో ఉండదు.

ఇంకో మాట. గేట్ ఒక్కటే తలుపు అనుకోకూడదు. ఓఎన్జీసీ చాలా ఏళ్లు గేట్ స్కోరుతోనే ఇంజనీర్లను తీసుకుంది, 2025 జనవరి ప్రకటనలో మాత్రం 108 పోస్టులకు సొంతంగా కంప్యూటర్ పరీక్ష పెట్టింది. రామచంద్రాపురంలో ప్లాంటు ఉన్న బీహెచ్ఈఎల్ అదే ఏడాది 150 ఇంజనీర్ ట్రైనీ పోస్టులకు ప్రకటన ఇచ్చింది, అదీ సొంత పరీక్షతోనే. కొన్ని సంస్థలు స్కోరుతోపాటు బృంద చర్చ, ఇంటర్వ్యూ కూడా పెడతాయి. పోయినేడు ఉన్న పద్ధతి ఈ ఏడాది ఉంటుందన్న భరోసా లేదు. సీనియర్ చెప్పిన మాట మీద కాకుండా, ఆ ఏడాది ప్రకటన మీద నమ్మకం పెట్టుకోవాలనేది అందుకే. డబ్బిస్తే లోపల మనిషి ఉన్నాడనే దళారుల మాట సరేసరి. స్కోరు ప్రకారం కంప్యూటర్ పేర్చే జాబితాలో ఆ 'లోపలి మనిషి'కి చేసేందుకు పనేమీ లేదు.

జాబితాలో పేరు వచ్చాక వైద్య పరీక్ష ఉంటుంది. రంగు రంగుల చుక్కల మధ్య దాగిన అంకెను చదవమని ఒక పుస్తకం ముందు పెడతారు. జపాన్ కంటి వైద్యుడు ఇషిహారా వందేళ్ల కిందట తయారుచేసిన పటాలవి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని సంగతి ఇరవై మూడేళ్లు వచ్చే దాకా తెలియకుండా బతికేసినవాళ్లు, ముఖ్యంగా మగపిల్లలు, ఆ పుస్తకం ముందే మొదటిసారి తెలుసుకుంటారు. కంట్రోల్ రూములో ఎర్ర దీపం, పచ్చ దీపం ఒకేలా కనబడితే కుదరదు కాబట్టి కంపెనీలు దీన్ని గట్టిగా చూస్తాయి. కోచింగ్‌కు లక్ష పోసేముందు ఊళ్లో కంటి డాక్టరు దగ్గర ఆ పుస్తకం ఒకసారి తిరగేయించుకుంటే పోయేదేమీ లేదు.

అన్నీ కుదిరాయి. అమ్మాయికి పిలుపు వచ్చింది. 40,000 రూపాయల మూలవేతనం, పైన కరువు భత్యం. శిక్షణ తర్వాత ఇన్నేళ్లు కంపెనీలోనే ఉంటానని బాండు. ఏడాది శిక్షణ అయ్యాక పోస్టింగ్ కాగితం చేతికి వస్తుంది. తల్లి అప్పటికే జ్యోతినగర్ క్వార్టర్ల మీద మనసు పెట్టేసుకుంది, పొద్దున డ్యూటీకి పోయి సాయంత్రం ఇంటికి రావచ్చని. కాగితం మీద ఉన్న ఊరు బిహార్లోని బాఢ్, పట్నా జిల్లా, గంగ ఒడ్డు.

"గాడికి ఎట్ల పోతరు బిడ్డా?" అంటుంది తల్లి, చాటలో తునికాకు కత్తిరిస్తూనే.

సికింద్రాబాద్ నుంచి దానాపూర్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ రామగుండం మీదుగానే పోతుంది. ఎన్నేళ్లుగానో అందులో బిహార్ కుర్రాళ్లు ఇటు పనికి వస్తున్నారు. తండ్రి కండువా భుజాన వేసుకుని, రిజర్వేషన్ ఎప్పుడు తెరుస్తారో కనుక్కోవడానికి స్టేషన్‌కు బయల్దేరాడు.